పద్నాలుగు యాప్‌ల మీద ఒక ఎఫ్ఐఆర్

2022 జూన్‌లో ఒక అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం పదకొండు వేలు. వెంట ఎవరూ లేరు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి కూర్చుంది. మాట్లాడినంత సేపూ అది వణుకుతూనే ఉంది. ఎత్తలేదు, కట్ చేయలేదు. "మా చిన్నమ్మ ఫోన్‌కు కూడా పోయింది సార్" అంది. ఏం పోయిందమ్మా అంటే నోటితో చెప్పలేక ఫోన్ తిప్పి నా ముందుకు జరిపింది. ఆమె సెల్ఫీలోని ముఖాన్ని ఇంకెవరిదో ఒంటి మీద అతికించారు. కింద ఆమె పేరు, పాన్ నంబరు, "దొంగ" అనే మాట.

నేను ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో వకీలును. చెక్ బౌన్సులు, భూమి తగాదాలు, మెయింటెనెన్స్ కేసులు నా రోజువారీ పని. సైబర్ కేసులు నేను వెతుక్కోలేదు, అవే మెట్లెక్కి వచ్చాయి. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాళ్లు మార్చాను. ఇంటర్నెట్‌ను ప్రభుత్వం ఎందుకు అదుపు చేయలేకపోతోందని ఎవరైనా అడిగితే, చట్టాలు లేకనేమో అనుకుంటారు. ఈ ఫైల్లో చట్టాలకు కొదవ లేదు.

అప్పు సంగతి ముందు చెప్పాలి. తమ్ముడి పరీక్ష ఫీజు కోసం ఐదు వేలకు ఒక యాప్‌లో అప్లై చేసింది. పాన్ కార్డు ఫోటో, సెల్ఫీ అడిగింది. కాంటాక్టులు, గ్యాలరీ, లొకేషన్ చూడటానికి అనుమతి అడిగింది. అన్నింటికీ సరే నొక్కింది. పది నిమిషాల్లో అకౌంట్లో మూడు వేలు పడ్డాయి. మిగతా రెండు వేలు ప్రాసెసింగ్ ఫీజట. వారంలో ఐదు వేలు కట్టాలి. మూడు వేలకు వారానికి రెండు వేలు వడ్డీ అంటే ఏడాదికి మూడు వేల నాలుగు వందల శాతం పైనే. మా ఊళ్లో రోజువారీ వడ్డీకి తిప్పే గిరిగిరి వాళ్లు కూడా ఈ లెక్క వింటే నోరెళ్లబెడతారు. ఆరో రోజే ఫోన్లు మొదలయ్యాయి. కట్టడానికి డబ్బు లేదంటే వాళ్లే ఇంకో యాప్ లింకు పంపారు. అది తీసుకుని ఇది కట్టు అని. అలా ఇరవై మూడు రోజుల్లో పద్నాలుగు యాప్‌లు. మొత్తం చేతికి అందింది 38,400 రూపాయలు. కట్టింది 91,200. ఇంకా అరవై వేల దాకా బాకీ ఉన్నావని బెదిరింపు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఫోటో చూసిన కంగారులో "ముందు ఆ యాప్‌లన్నీ తీసెయ్యమ్మా" అన్నాను. ఆమె నా ముందే ఒక్కొక్కటీ తీసేసింది. మనసు కొంచెం తేలిక పడినట్టుంది, అప్పుడే నీళ్లు తాగింది. కానీ యాప్ తీసేస్తే మన ఫోన్లోంచి యాప్ పోతుంది గానీ, మొదటి రోజే వాళ్ల సర్వర్‌కు ఎక్కిపోయిన 640 కాంటాక్టులు వెనక్కి రావు. పోయిందల్లా మన సాక్ష్యమే. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ ప్యాకేజీ పేరు అని లోపల ఒకటి ఉంటుంది. ఐకాన్ కింద కనిపించే పేరు వేషం లాంటిది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ లోపలి పేరు, ఏ తేదీన ఇన్‌స్టాల్ అయింది, ఏ అనుమతులు తీసుకుంది, లోపల లోన్ పేజీలో ఏ కంపెనీ పేరు రాసి ఉంది, ఇవన్నీ నా సలహా వల్లే పోయాయి. పద్నాలుగింటిలో తొమ్మిది స్టోర్ నుంచి వేసుకున్నవి, ఐదు మెసేజ్‌లో వచ్చిన లింకు నుంచి. ఆ ఐదింటికి ఇక జాడే లేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు స్క్రీన్‌షాట్లు, యూటీఆర్ నంబర్లు, (డబ్బు బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్లు), తర్వాతే మిగతా మాట.

ఆమె మండలం స్టేషన్‌కు వెళ్లాం. రైటర్ అర్జీ చదివి, "సార్, తీసుకున్నది అప్పే కదా, ఇది సివిల్ అయితది" అన్నాడు. కాదని నచ్చజెప్పాక అసలు చిక్కు బయటపడింది. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ నేరాలను ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 2008 సవరణకు ముందైతే డీఎస్పీ స్థాయి ఉండాలి. మండలం స్టేషన్‌కు పెద్ద ఎస్ఐ. అంటే ఫోన్ వాడే ప్రతి పల్లెలోనూ ఈ నేరం జరుగుతుంది, దాన్ని చూడాల్సిన అధికారి మాత్రం సర్కిల్ ఆఫీసులో, బందోబస్తుల మధ్య దొరికితే దొరుకుతాడు. మూడో రోజు దొరికాడు. మంచివాడే. బెదిరించి వసూలు చేయడం, మోసం, గుర్తింపు దొంగతనం, అశ్లీల ఫోటోల లాంటి సెక్షన్లు, అంటే ఐపీసీ 384, 420, 506, 509, ఐటీ చట్టం 66సి, 66డి, 67 పెట్టి ఎఫ్ఐఆర్ కట్టాడు.

ఎఫ్ఐఆర్ ఫారంలో ముద్దాయి పేరు, తండ్రి పేరు, చిరునామా అని గడులుంటాయి. పేరు గడిలో పద్నాలుగు యాప్‌ల పేర్లు వరసగా రాశారు. ఒకటి 'క్యాష్'తో మొదలవుతుంది, ఇంకోటి 'రూపీ'తో ముగుస్తుంది, వింటే అన్నదమ్ముల పేర్లలా ఉంటాయి. తండ్రి పేరు గడిలో గీత. చిరునామా గడిలో గీత. ఈ ఫైల్లో నాకు ఎప్పటికీ గుర్తుండే కాగితం అదే.

నేను ఇంకో చట్టం కూడా చేర్చమని అడిగాను. తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం, 1349 ఫస్లీ. పాత పహాణీలు చూసేవాళ్లకు ఫస్లీ లెక్క తెలుసు, మన లెక్కలో 1939-40. నిజాం జమానాలో చేసిన ఆ చట్టం, లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేస్తే నేరమంటుంది. ఐటీ చట్టం చూస్తే 2000లో, ఎలక్ట్రానిక్ వాణిజ్యానికీ డిజిటల్ సంతకాలకూ గుర్తింపు ఇవ్వడం ప్రధానంగా పెట్టుకుని వచ్చింది. మన చేతిలోకి స్మార్ట్‌ఫోన్ రావడానికి చాలా ముందు. నిజం చెప్పాలంటే ఈ కేసుకు ఫస్లీ చట్టమే దగ్గరగా అతికింది. లైసెన్సు ఉందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న, టెక్నాలజీ మారినా ఆ ప్రశ్న మారదు.

ఇక దర్యాప్తు. బెదిరింపు మెసేజ్‌లు వచ్చిన నంబర్లు పదకొండు. నాలుగు మన దేశపువి, ఏడు బయటివి. దేశపు నంబర్ల సిమ్‌లు ఎవరెవరివో. ఒకటి వేరే రాష్ట్రంలో చనిపోయిన ముసలాయన పేరు మీద ఉంది. మెసేజింగ్ కంపెనీకి వివరాలు ఇవ్వమని సీఆర్పీసీ (అప్పటి నేర విచారణ చట్టం) 91 కింద నోటీసు ఇస్తే, కొన్ని వారాలకు లాగిన్ వివరాలు, ఐపీ అడ్రసులు వచ్చాయి. ఐపీ అడ్రసంటే ఇంటి నంబరు లాంటిదని సినిమాలు చూసి అనుకుంటాం. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీని ఒకే సమయంలో వందల మంది వాడుతుంటారు. పోర్టు నంబరు (ఒకే ఐపీ వాడేవాళ్ల కనెక్షన్లను విడదీసే సంఖ్య), సెకనుతో సహా టైము ఉంటే తప్ప మనిషిని తేల్చలేరు. వచ్చిన జవాబులో పోర్టు నంబరు లేదు. మిగతా ఐపీలు వాడేవాడి అసలు చోటును దాచే సేవలైన వీపీఎన్‌లవి. ఆ ఏప్రిల్ 28నే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఒక ఉత్తర్వు ఇచ్చింది, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని. దానికి పేరున్న కొన్ని వీపీఎన్ కంపెనీలు చేసిన పని, ఇండియాలో ఉన్న సర్వర్లు ఎత్తేసుకుని బయట నుంచే నడపడం. వాడేవాడికి ఏ తేడా లేదు. అడిగే పోలీసుకు మాత్రం అంతకు ముందున్న ఆ కాస్త ఆధారం కూడా పోయింది.

విదేశాల నుంచి వివరాలు రాబట్టాలంటే కోర్టు ద్వారా లెటర్ రొగేటరీ (విదేశీ కోర్టును సాయం కోరే లేఖ), కేంద్ర హోం శాఖ, అక్కడి నుంచి ఆ దేశం. సైబర్ నేరాల మీద బుడాపెస్ట్ ఒప్పందం 2001 నుంచి ఉంది గానీ మన దేశం అందులో చేరలేదు. మన ప్రమేయం లేకుండా రాసుకున్న ఒప్పందమనే మన అభ్యంతరంలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. కానీ 91 వేల రూపాయల కేసులో మా ఇన్‌స్పెక్టర్ లెటర్ రొగేటరీ అడుగుతాడా? అడగలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు.

ఆ ఫోటోను తీయించడం ఎలా అన్నది ఆమెకు అన్నిటికంటే ముఖ్యం. 2021 ఐటీ నిబంధనల్లో దీనికి దారుంది. ఇలాంటి మార్ఫింగ్ ఫోటో మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలన్నది అప్పటి గడువు. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు. ఒక సోషల్ మీడియా పేజీలో పెట్టిన కాపీ నిజంగానే మరుసటి రోజుకు పోయింది. ఆ నిబంధనకు దండం పెట్టాలి. కానీ ఎక్కువ కాపీలు తిరిగింది ప్రైవేటు మెసేజ్‌లలో. అవి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కంపెనీకే కనిపించవు. పంపిన అకౌంటును మూసేస్తారు, వాడు ఇంకో నంబరుతో వస్తాడు. మొదట పంపినవాడెవరో చెప్పాలన్న నిబంధన కూడా 2021లోనే పెట్టారు. వాట్సాప్ దాన్ని అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఆ ఎన్‌క్రిప్షన్ తాళం అందరికీ తీస్తే తీసేది దొంగ కోసమే కాదు, నా క్లయింట్లు నాకు పంపే మెసేజ్‌లూ అందులోనే ఉంటాయి. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఒక జూనియర్ అడిగాడు, 66ఏ ఉంటే ఇలాంటివాళ్లను సులువుగా పట్టేవాళ్లం కదా సార్ అని. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్ పెడితే నేరమన్న ఐటీ చట్టం సెక్షన్ అది, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ బెంచిలో ఇద్దరు, జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషి. ఆ సెక్షన్ ఉన్నన్నాళ్లూ దొరికింది ఫేస్‌బుక్‌లో అసలు పేరుతో కామెంటు పెట్టిన పిల్లలు, కార్టూన్లు పంచుకున్న ప్రొఫెసర్లు. ఎందుకంటే వాళ్లకు అడ్రసు ఉంది. చట్టం చేయి అడ్రసు ఉన్నవాడి దాకానే సాగుతుంది. ఈ ఫైలు తిరగేసినప్పుడల్లా నాకు ఇదే కనిపిస్తుంది.

సాక్ష్యం గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే బయట ఎవరూ దీన్ని పట్టించుకోరు. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే అప్పట్లో అది అసలు రికార్డు నుంచే వచ్చిందని ధ్రువీకరించే 65బి సర్టిఫికెట్ కావాలి. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు అది తప్పనిసరి అని తేల్చింది. అసలు ఫోనే కోర్టుకు తెస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. బాగానే ఉంది. కానీ ఆ ఫోటో వచ్చింది ఆమె ఫోన్‌కు మాత్రమే కాదు. బంధువులకు, స్కూల్ కరస్పాండెంట్‌కు, పిల్లల తల్లిదండ్రులకు వచ్చింది. "నాకు ఈ ఫోటో ఫలానా రోజు వచ్చింది" అని వాళ్లు చెప్పాలి, ఫోన్ చూపాలి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఫోటో ప్రింటు తీయాలి. అది రైటర్ చూస్తాడు, కోర్టు బెంచి క్లర్కు చూస్తాడు, అవతలి వకీలు కాపీ తీసుకుంటాడు. సీల్డ్ కవర్లో పెట్టమని మెమో వేశాను. మేజిస్ట్రేట్ ఒప్పుకున్నారు. అయినా ఆమె అన్న మాట ఇదీ: "వాళ్లు ఫోన్లల్ల పంపిండ్రు, మనం కాగితం మీద పంపుతున్నం, అంతే కదా సార్." చిన్నమ్మ ఒక్కతే సాక్షిగా వస్తానంది. మిగతావాళ్లు ఆ ఫోటో ఎప్పుడో డిలీట్ చేశామన్నారు. స్కూలువాళ్లు కొన్ని రోజులు రావద్దన్నారు.

ఆమె ఫోన్‌ను పంచనామా చేసి సీజ్ చేశారు, ల్యాబ్‌కు పోయింది. ఉన్నది ఒక్కటే ఫోన్. అకౌంటుకు, ఆధార్‌కు, జీతానికి అదే నంబరు.

కాస్త ఫలితం ఇచ్చింది డబ్బు దారి. పదిహేడు వేర్వేరు యూపీఐ ఐడీలకు ఆమె కట్టింది. యాప్ పేరు మార్చుకోవచ్చు, నంబరు మార్చుకోవచ్చు, కానీ రూపాయి దిగడానికి ఎక్కడో ఒక బ్యాంకు అకౌంటు ఉండాలి, దానికి కేవైసీ ఉండాలి. ఆ ఐడీలు పేమెంట్ కంపెనీల ద్వారా ఐదు కరెంటు అకౌంట్లకు చేరాయి. అక్కడ డబ్బు నిమిషాల మీద ఇంకో వరస అకౌంట్లకు, అక్కడి నుంచి ఇంకో వరసకు. రెండు అకౌంట్ల వెనుక మనుషులు దొరికారు. ఒకడు డిగ్రీ చదివే కుర్రాడు. ట్రేడింగ్ కంపెనీ అని పేరు పెట్టి అకౌంటు తెరిచి, చెక్‌బుక్, సిమ్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అన్నీ నెలకు కొంత డబ్బుకు టెలిగ్రామ్‌లో పరిచయమైనవాడికి అద్దెకిచ్చాడు. వాడి ముఖం ఎప్పుడూ చూడలేదట. అప్పు ఇచ్చిన కంపెనీ పేరు కుర్రాడికీ తెలియదు, పోలీసులకూ తెలియదు, మాకూ తెలియదు. అతన్ని అరెస్టు చేయకుండా, విచారణకు రమ్మనే 41ఏ నోటీసు ఇచ్చి పంపారు. 66డి ఎలాగూ బెయిలబుల్. 2023లో ఛార్జిషీటు వేశారు. ఏ1, ఏ2 ముద్దాయిలు ఆ ఇద్దరు. ఏ3 నుంచి ఏ16 వరకు యాప్‌లు, "ఆచూకీ తెలియలేదు" అని.

మరి వేధింపులు ఎలా ఆగాయి? ఎఫ్ఐఆర్ వల్ల కాదు. తన కాంటాక్టులందరికీ ఆమే మెసేజ్ పెట్టింది. నేను ఒక డ్రాఫ్టు రాసిచ్చాను, లీగల్ నోటీసులా ఉందని పక్కన పడేసి తనే రాసుకుంది. నా పేరుతో ఫోటోలు వస్తే తెరవకండి, డబ్బు అడిగితే ఇవ్వకండి, పోలీసు కేసు పెట్టిన, సిగ్గు పడాల్సింది నేను కాదు. అంతే. నాలుగో రోజుకు ఫోన్లు తగ్గాయి. బెదిరించడానికి వాళ్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆయుధం, ఇంకా ఎవరికీ తెలియదన్న భయం. అది ఆమే తీసిపారేసింది. అందరూ అలా చేయలేరని తెలుసు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో ఇదే భయంతో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు.

ఆ చావుల తర్వాతే రిజర్వు బ్యాంకు కదిలింది. 2021 జనవరిలో ఒక వర్కింగ్ గ్రూపు వేసింది. వాళ్లు వెతికితే 1,100 దాకా లోన్ యాప్‌లు కనబడ్డాయి, అందులో 600 చట్టవిరుద్ధమైనవి. 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు వచ్చాయి. అప్పు డబ్బు అప్పు ఇచ్చే సంస్థ అకౌంటు నుంచి నేరుగా తీసుకునేవాడి అకౌంటుకే పోవాలి, కాంటాక్టులు, గ్యాలరీ, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. మంచివే. కానీ రిజర్వు బ్యాంకు మాట వినాల్సింది దాని దగ్గర రిజిస్టరైన సంస్థలే. మా ఏ3 నుంచి ఏ16 దాకా ఆ బడిలో చేరనేలేదు, హాజరు ఎవరు తీసుకుంటారు? 2023 ఫిబ్రవరిలో కేంద్రం 94 లోన్ యాప్‌లను బ్లాక్ చేసింది. ఆ వలలో లైసెన్సు ఉన్నవాళ్లతో కలిసి పనిచేసే కంపెనీలు కొన్ని పడ్డాయి, కాగితాలు చూపించి బయటకు వచ్చాయి. అసలువాళ్లకు కాగితాల గొడవే లేదు, కొత్త పేరుతో వస్తారు.

నా అనుభవంలో అన్నిటికంటే పనిచేసింది చట్టం కూడా కాదు. 2023 మే 31 నుంచి గూగుల్ తన స్టోర్‌లో పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు తీసుకోకూడదని పెట్టిన రూలు. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన లోన్ యాప్ కేసుల్లో స్టోర్ నుంచి వేసుకున్నవి బాగా తగ్గాయి, లింకులో వచ్చినవే ఎక్కువ. ఒక ప్రైవేటు కంపెనీ తన గుమ్మం దగ్గర ఒక వాక్యం రాస్తే, మన సెక్షన్లు చేయలేనిది చేసింది. ఇది సంతోషించాల్సిన సంగతో కాదో నాకు తేలలేదు. రేపు అదే గుమ్మం దగ్గర ఇంకో వాక్యం రాస్తే మనం ఏ కోర్టుకు పోవాలి?

అడ్రసు ఉన్నవాడి దాకానే చేయి సాగుతుందన్నాను కదా. దానికి రెండో ఉదాహరణ అదే ఏడాది నవంబరులో వచ్చింది. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే ఒకాయన. అకౌంట్లో లక్షా అరవై వేలు, మొత్తం ఫ్రీజ్. వేరే రాష్ట్రంలో ఎవరో సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నారు. ఆ డబ్బు చేతులు మారి మారి నాలుగో మనిషి దగ్గరకు వచ్చింది. ఆ నాలుగో మనిషి ఈయన దగ్గర రెండు ప్లేట్ల పూరీ, ఒక మసాలా దోసె తిని 130 రూపాయలు స్కాన్ చేశాడు. బ్యాంకు మేనేజరు అక్కడి పోలీసుల నుంచి లెటర్ తెమ్మన్నాడు. ఆయన ఎప్పుడూ గోదావరి దాటి ఎరగడు, బియ్యం షావుకారు పైసల కోసం వచ్చి కూర్చున్నాడు. ఫ్రీజ్ చేస్తే మేజిస్ట్రేటుకు వెంటనే తెలియజేయాలని అప్పటి సీఆర్పీసీ 102(3) అనేది. అక్కడి కోర్టులో కాపీ అప్లికేషన్ వేయిస్తే అలాంటి రిపోర్టే లేదని తేలింది. ఆ కాగితం జతచేసి పంపాక, ఏడు వారాలకు 130 రూపాయలు మాత్రం హోల్డులో ఉంచి మిగతాది వదిలారు. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది కూడా. అయినా ఇప్పటికీ నెలకు ఒకరైనా ఇదే బాధతో వస్తారు. మోసం జరిగిన గంటలోపు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగేది ఈ ఫ్రీజుల వల్లే, కాబట్టి వద్దనలేను. టీచరమ్మ తరఫున ఫ్రీజ్ చేయమని రాసిన చేత్తోనే, టిఫిన్ సెంటర్ ఆయన తరఫున తీయమని రాశాను.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. 65బి బదులు భారతీయ సాక్ష్య అధినియంలో 63. సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండు భాగాలు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. జిల్లాలో ఆ నిపుణుడిగా ఎవరు సంతకం పెడతారని ఇంకా వెతుక్కుంటున్నాం.

టీచరమ్మ కేసు ఇంకా నడుస్తోంది. డిగ్రీ కుర్రాడు వాయిదాలకు క్రమం తప్పకుండా వస్తాడు, ఆమెను చూసి తల దించుకుంటాడు. ఫోన్ తిరిగి ఇవ్వమని నేను వేసిన సీఆర్పీసీ 451 పిటిషన్ మీద ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఆర్డర్ అయింది. రెండేళ్లకు దగ్గర పడింది. ప్రాపర్టీ క్లర్కు కవరు చింపి ఫోన్ బయటకు తీశాడు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచి ఉంది, ఆన్ కాలేదు. కావాలంటే అడిగినప్పుడు కోర్టులో హాజరుపరుస్తానని బాండు రాసి తీసుకోవాలి. ఆమె ఆ బాండు రెండుసార్లు చదివింది. "ఇది ఆన్ కాదు కదా సార్, అయినా దాయాల్నా?" అంది. దాయాలమ్మా అన్నాను. రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.